మీకు తెలుసా? గడ్డిఅన్నారం సర్కారు బడుల వెనక ఇన్ని సంగతులు

దిల్‌సుఖ్‌నగర్ అనగానే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు గుర్తొస్తాయి. గడ్డిఅన్నారం, సరూర్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ వైపు ఉన్న సర్కారు హైస్కూళ్లు మాత్రం అంత తొందరగా ఎవరికీ తట్టవు. కానీ ఈ ప్రాంతం పల్లె నుంచి పట్నం ఎట్లా అయ్యిందో తెలియాలంటే ఆ బడుల గేట్ల దగ్గరే మొదలుపెట్టాలి. గేటు మీది బోర్డులో, ఆఫీసు బీరువాలోని రిజిస్టర్లో, పిల్లల చేతిలోని పుస్తకంలో చరిత్ర ఉంది. అందులోంచి కొన్ని ముచ్చట్లు ఇవి.

మెట్రో స్టేషన్‌కు అనాథ పిల్లల బడి పేరు

మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వచ్చే మెట్రోలో చైతన్యపురి దాటాక వచ్చే స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. 2018 సెప్టెంబరు 24న ఈ మార్గంలో రైళ్లు మొదలయ్యాయి. కొత్తగా దిగినవాళ్లు అక్కడేదో రాణి విగ్రహమో, మ్యూజియమో ఉందనుకోవచ్చు. అక్కడున్నది పిల్లలు ఉండి చదువుకునే చోటు. పేరు విక్టోరియా మెమోరియల్ హోం. చుట్టుపక్కల అందరూ వీఎం హోం అంటారు. అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లలకు తిండి, చదువు, నీడ ఒకేచోట ఇచ్చిన సంస్థ అది.

విక్టోరియా రాణి 1901 జనవరి 22న చనిపోయింది. ఆ తర్వాత దేశమంతటా ఆమె పేరిట స్మారకాలు వెలిశాయి. కలకత్తాలో పాలరాతి భవనం కట్టారు. హైదరాబాద్‌లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో సరూర్‌నగర్‌లోని రాచభవనం, దాని ఆవరణ అనాథ పిల్లలకు ఇల్లయ్యాయి. చనిపోయినవాళ్ల పేరు నిలబెట్టడానికి పిల్లల చదువును మించిన దారి లేదు.

ఆ ఆవరణలో కొంత భూమిని పోలీసు కమిషనరేట్‌కు ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు అక్కడ చదువుకున్న పాత విద్యార్థులే ముందుకొచ్చి వద్దన్నారు. చుట్టూ గజం భూమికి లక్షల ధర పలికే చోట, మాకు అమ్మానాన్నలు లేని లోటు తీర్చిన నేల ఇది అని చెప్పేవాళ్లు ఉండడం ఒక బడికి దక్కే పెద్ద గౌరవం.

ఒకే నగరం, రెండు కొసల్లో రెండు బడులు

నగరానికి తూర్పున సరూర్‌నగర్‌లో అనాథల బడి నడుస్తుండగా, 1923లో బేగంపేటలో జాగీర్దార్స్ కాలేజీ మొదలైంది. జాగీర్దారుల, నవాబుల కొడుకుల చదువు కోసమే దాన్ని పెట్టారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. కొందరి పిల్లలకే పరిమితమైన బడికి ఇక అర్థం లేకుండా పోయింది. 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయి, తలుపులు తెరిచింది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల చదివింది అక్కడే.

బేగంపేట బడి పేరు ప్రపంచమంతా తెలుసు. వీఎం హోం పేరు మెట్రోలో వినిపించే ప్రకటన దాకానే. రెండూ నిజాం కాలపు బడులే. ఒకటి వంశం చూసి చేర్చుకుంది, ఇంకొకటి ఎవరూ లేనివాళ్లను చేర్చుకుంది. హైదరాబాద్ విద్యాచరిత్ర రాసేవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రాయాలి.

మహానగరం నడుమ జిల్లా పరిషత్ బడి

ఈ ప్రాంతంలోని సర్కారు హైస్కూలు గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. బోర్డు మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని ఉంటుంది. దాని కింద ఊరి పేరు, మండలం పేరు, రంగారెడ్డి జిల్లా. బోర్డు నుంచి తల తిప్పితే ఫ్లైఓవర్, మెట్రో స్తంభాలు, అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు. జిల్లా పరిషత్ అంటే పల్లెల సంస్థ కదా, ఇక్కడేం పని అనిపిస్తుంది.

కారణం తెలియాలంటే 1959కి వెళ్లాలి. ఆ ఏడాది అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో, అక్టోబరు 11న మన షాద్‌నగర్‌లో ప్రధాని నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం నవంబరు 1 నుంచి అమలైంది. ప్రాథమిక బడులు సమితుల చేతికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల చేతికి వచ్చాయి. 1986 నాటి చట్టంతో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి. అందుకే చిన్న బడి బోర్డు మీద మండల పరిషత్ అనీ, పెద్ద బడి బోర్డు మీద జిల్లా పరిషత్ అనీ ఉంటుంది.

అప్పట్లో గడ్డిఅన్నారం, సరూర్‌నగర్, నాగోల్, కొత్తపేట ఊళ్లే. ఊళ్లు కాలనీలయ్యాయి, కాలనీలు మున్సిపాలిటీలయ్యాయి, మున్సిపాలిటీలు మహానగరంలో కలిశాయి. బడుల యాజమాన్యం మాత్రం మారలేదు. ఇక్కడ ఒకప్పుడు ఊరుండేదని ఇప్పటికీ సర్కారు ముద్రతో చెబుతున్నది ఈ బోర్డులే.

బడి కదల్లేదు, చిరునామా మారింది

నిజాం కాలంలో హైదరాబాద్ చుట్టూ ఉన్న ఊళ్లు అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా కింద ఉండేవి. నిజాం సొంత ఖర్చులకు పోయే సర్ఫ్-ఎ-ఖాస్ భూములవి. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ సర్కారులో కలిసింది, ఈ ఊళ్లన్నీ హైదరాబాద్ జిల్లాలోకి వచ్చాయి. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లాను విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు. ఉప ముఖ్యమంత్రిగా పనిచేసిన కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. గడ్డిఅన్నారం సొంతంగా మున్సిపాలిటీ అయింది. 2001 జనాభా లెక్కల నాటికి అక్కడి జనం 50 వేలు దాటారు. 2007 ఏప్రిల్ 16న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పాటు చేసినప్పుడు గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ మున్సిపాలిటీలు రెండూ అందులో కలిసిపోయాయి.

ఇక్కడి పాత కుటుంబంలో తాత టీసీ మీద హైదరాబాద్ జిల్లా అని, మనవడి టీసీ మీద రంగారెడ్డి జిల్లా అని ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇద్దరూ చదివింది ఒకే బడిలో అయి ఉండొచ్చు.

హైదరాబాద్ జిల్లాకు జిల్లా పరిషత్ లేదు

తెలంగాణలో 33 జిల్లాలున్నా 2019లో ఎన్నికలు జరిగిన జిల్లా పరిషత్తులు 32. మిగిలిన ఒక్కటి హైదరాబాద్. జిల్లా మొత్తం నగరమే కాబట్టి అక్కడ పల్లెల పాలన లేదు. అందుకే మలక్‌పేట, సైదాబాద్ వైపు బడుల బోర్డుల మీద ప్రభుత్వ ఉన్నత పాఠశాల అని ఉంటుంది. అక్కడి నుంచి కొద్ది దూరం వచ్చి సరూర్‌నగర్ చేరితే అదే రకం బడి జిల్లా పరిషత్ బడి అవుతుంది. పుస్తకాలు ఒకటే, పరీక్ష ఒకటే, మధ్యాహ్నం అన్నం ఒకటే.

తేడా టీచర్ల సర్వీసు రిజిస్టర్లో కనిపిస్తుంది. ఒకరు ప్రభుత్వ టీచరు, ఇంకొకరు స్థానిక సంస్థల టీచరు. ఎంఈవో, డిప్యూటీ ఈవో పోస్టులు ఎవరికి దక్కాలన్న దాని మీద రెండు యాజమాన్యాల మధ్య దశాబ్దాలుగా వివాదం నడిచింది. ఏకీకృత సర్వీసు నిబంధనలు అన్న మాట చాలా ఉపాధ్యాయ సంఘాల డిమాండ్ల జాబితాలో ఉండడానికి మూలం ఇక్కడుంది. ఒకే పాఠం చెప్పే ఇద్దరు సార్ల మధ్య ఈ గీత ఎంత తొందరగా చెరిగిపోతే బడికి అంత మేలు.

బోర్డు మీది పదకొండంకెలు

బోర్డు మీద ఊరి పేరుతో పాటు పదకొండంకెల సంఖ్య ఒకటి రాసి ఉంటుంది. అది యూడైస్ కోడ్. దేశంలో ప్రతి బడికీ ఒకటి ఉంటుంది, ప్రైవేటు బడికైనా సరే. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. తర్వాతి రెండు జిల్లావి, ఆపై రెండు మండలానివి, మూడు ఊరివి లేదా వార్డువి, చివరి రెండు బడివి. గదులెన్ని, మరుగుదొడ్లెన్ని, టీచర్లెందరు, పిల్లలెందరు అన్న వివరాలన్నీ ఈ నంబరు కిందే ఢిల్లీ దాకా చేరతాయి. పిల్లలను బడిలో చేర్చే ముందు ఆ నంబరుతో వివరాలు చూసుకునే హక్కు తల్లిదండ్రులకుంది.

మార్కెట్ పోయినా పేరు పోలేదు

ఊరి పేరును మోస్తున్నది బడి ఒక్కటే కాదు. 1986లో మొజంజాహీ మార్కెట్ దగ్గర్నుంచి పండ్ల మార్కెట్ కొత్తపేటకు వచ్చింది. అందరూ గడ్డిఅన్నారం మార్కెట్ అనే పిలిచారు. మామిడి సీజన్‌లో లారీల వరుస జాతీయ రహదారి మీదికి వచ్చేది. 2021లో దాన్ని మూసి బాటసింగారం తరలించారు. ఆ స్థలాన్ని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి ఇచ్చారు. మార్కెట్ కమిటీ పేరు మాత్రం గడ్డిఅన్నారమే.

మార్కెట్‌ను మార్చొచ్చు, ఎందుకంటే లారీ ఎక్కడికైనా పోతుంది. ఆరో తరగతి పిల్ల పొద్దున నడిచి వెళ్లేంత దూరంలోనే బడి ఉండాలి. విద్యాహక్కు నిబంధనలు అయిదో తరగతి వరకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలంటున్నది అందుకే.

ఉన్నత పాఠశాల అనే ఆలోచన వయసు రెండొందల ఏళ్లు

ప్రజల పన్నులతో నడిచే హైస్కూలు అమెరికాలో మొదటగా 1821లో బోస్టన్‌లో మొదలైంది. కాలేజీకి వెళ్లే స్తోమత లేని చేతిపనుల వాళ్ల, చిన్న వ్యాపారుల కొడుకులకు పైచదువు చెప్పాలన్నది దాని ఉద్దేశం. మన తెలుగు నేల మీద మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ బడి, రాజమండ్రిలో 1853లో జిల్లా స్కూలు వచ్చాయి. రాజమండ్రి స్కూలే తర్వాత ఆర్ట్స్ కాలేజీ అయింది. సికింద్రాబాద్‌లో 1862లో మొదలైన మహబూబ్ కాలేజీలో 1893 ఫిబ్రవరి 13న వివేకానందుడు మాట్లాడారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన చికాగో సభలో మాట్లాడారు.

తెలుగులో చదివితే పరీక్ష పుణెలో

ఈ రోజు గడ్డిఅన్నారం బడిలో తెలుగులో పాఠం వినడం మామూలు విషయం. నిజాం కాలంలో అట్లా కాదు. హైస్కూలు చదువు ఉర్దూలో సాగేది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమమే. భారతీయ భాషలో పైచదువు చెప్పడం గొప్ప ప్రయోగమే అయినా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు అది పరాయి భాషే.

1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల పెట్టారు. ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో హైస్కూలు చదువు. సర్కారు గుర్తింపు దొరకలేదు. ఆయన వెనక్కి తగ్గకుండా పుణెలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంతో బడిని కలిపి, ఆ పరీక్షలకు అమ్మాయిలను పంపారు. తమ ఊళ్లో తమ భాషలో చదువుకున్నదానికి గుర్తింపు కోసం మరాఠీ దేశం దాకా పోవాల్సి వచ్చిన రోజులవి. అదే హనుమంతరావు 1951లో హైదరాబాద్ మేయరయ్యారు.

టీచరు ఉద్యోగాలే పెద్ద ఉద్యమానికి నిప్పు పెట్టాయి

1952లో ముల్కీ ఉద్యమం వరంగల్‌లో రాజుకుంది. మూలం బడులే. హైదరాబాద్ రాష్ట్రంలో టీచరు ఉద్యోగాలు స్థానికులకు కాకుండా బయటివాళ్లకు పోతున్నాయన్న కోపంతో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నకిలీ ముల్కీ (స్థానికత) సర్టిఫికెట్ల మీద గొడవ ముదిరింది. సెప్టెంబరు మొదటి వారంలో హైదరాబాద్‌లో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మూసీ ఒడ్డున హైకోర్టు పక్కనే ఉన్న ఆ సిటీ కాలేజీ పుట్టుక కూడా హైస్కూలుగానే. నిజాం కాలపు దారుల్ ఉలూమ్ మదర్సా సిటీ హైస్కూలై, తర్వాత కాలేజీ అయింది. భవనం గీసింది విన్సెంట్ ఎష్. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ రైల్వే స్టేషన్ కూడా ఆయన చేతిలోంచి వచ్చినవే.

ప్రతిజ్ఞ రాసింది మన నల్లగొండ బిడ్డ

పొద్దున ప్రార్థనలో చెయ్యి ముందుకు చాచి పిల్లలు చెప్పే ప్రతిజ్ఞ దేశమంతటా ఉంది. దాన్ని మొదట తెలుగులో రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి ఆయన ఊరు. 1962లో, చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది, విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం చొరవతో అది అప్పటి విద్యామంత్రి పీవీజీ రాజు చేతికి చేరింది. 1963లో విశాఖ బడుల్లో చెప్పించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటి బడుల్లోకి వెళ్లింది.

కోట్ల మంది పిల్లలు రోజూ ఆ మాటలు చెప్పారు. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు మాత్రం దశాబ్దాల పాటు లేదు. ఆయన 1988లో కన్నుమూశారు. బడి గోడ మీద ప్రతిజ్ఞ రాయించే హెచ్‌ఎంలు కింద ఆయన పేరు కూడా రాయిస్తే ఆ లోటు కొంత తీరుతుంది. రంగు ఖర్చు ఒక్క గీతదే.

బీరువాలో దాచిన అసలు చరిత్ర

హెచ్‌ఎం గదిలో ఇనుప బీరువా తెరిస్తే లావుపాటి అట్టల పెద్ద పుస్తకం ఉంటుంది. అదే అడ్మిషన్ రిజిస్టర్. నిలువు గీతల మధ్య ఒక్కో పిల్లకూ ఒక్కో వరుస. అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష, అంతకుముందు చదివిన బడి, చేరిన తేదీ, చేరిన తరగతి, పుట్టుమచ్చలు, వెళ్లిపోయిన తేదీ. చివర హెచ్‌ఎం సంతకం. బడిలో మిగతా రికార్డులు చాలావరకు కొన్నేళ్లకు తీసేయొచ్చు. ఇది శాశ్వత రికార్డు, తీసేయడానికి వీల్లేదు.

ఊరు నగరంగా మారిన కథకు ఇంతకన్నా నమ్మకమైన సాక్ష్యం ఉండదు. తండ్రి వృత్తి రాసిన చోట వ్యవసాయం ఎప్పటి నుంచి తగ్గిందో, మాతృభాష గడిలో తెలుగు, ఉర్దూ పక్కన హిందీ, ఒడియా ఎప్పుడు మొదలయ్యాయో వరుసగా చూస్తే తెలిసిపోతుంది. వెళ్లిపోయిన తేదీల గడిలో ఆడపిల్లల చదువు ఏ తరగతిలో ఆగిందో కూడా కనబడుతుంది. చెదలు పట్టకముందే ఈ పుస్తకాలను స్కాన్ చేయించడం ప్రతి బడి వెంటనే చేయాల్సిన పని.

రెండు పుట్టుమచ్చల గుర్తింపు

ఆధార్ రాకముందు సామాన్యుడి దగ్గరున్న గట్టి గుర్తింపు కాగితం పదో తరగతి మెమో. దాని మీద ఫొటో లేని రోజుల్లో రెండు పుట్టుమచ్చలే గుర్తు. ఆ మచ్చలు బడి రిజిస్టర్ నుంచి మెమోలోకి ఎక్కుతాయి. పదో తరగతి పరీక్షకు ముందు క్లాస్ టీచర్ పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి చేతి మీదో, మెడ మీదో మచ్చ చూసి రాసుకోవడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

పుట్టిన తేదీ సంగతి మరీ ముఖ్యం. మెమోలో ఉన్న తేదీయే సర్కారు ఉద్యోగంలో ఖాయం. ఉద్యోగంలో చేరాక మార్చుకోవడం కుదరదని 1984 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఒకటో తరగతిలో చేర్చిన రోజు, పెద్దసారు జూన్ నెల వేసి రాసిన తేదీనే రిటైర్మెంట్ దాకా మోసినవాళ్లు లెక్కలేనంత మంది.

ఏ బడిలో చదివితే ఆ జిల్లా

2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ఉద్యోగాలకు స్థానికత లెక్క ఇట్లా ఉంటుంది. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఉన్న ఏడేళ్లలో నాలుగేళ్లు ఎక్కడ చదివారో అక్కడే స్థానికులు. ఇల్లు ఎక్కడుందన్నది కాదు, బడి ఎక్కడుందన్నదే లెక్క. గడ్డిఅన్నారం చుట్టుపక్కల ఉండి సైదాబాద్ వైపు బడికి పోయిన పిల్లవాడు హైదరాబాద్ జిల్లా స్థానికుడవుతాడు. సరూర్‌నగర్ వైపు బడికి పోయిన వాడి తమ్ముడు రంగారెడ్డి జిల్లా స్థానికుడవుతాడు. జిల్లా స్థాయి పోస్టుల నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఈ తేడా తెలిసొస్తుంది. అందుకే ఒకటో తరగతి నుంచి బోనాఫైడ్లు జాగ్రత్తగా దాచుకోండి.

టీసీ లేదని వెనక్కి పంపకూడదు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలకు పని వెతుక్కుంటూ వచ్చే కుటుంబాలు ఎక్కువ. పాలమూరు, నల్లగొండ నుంచి వచ్చేవాళ్లున్నారు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర పిల్లల కాగితాలు ఉండకపోవచ్చు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలను టీసీ ఆలస్యమైందని గానీ, వయసు ధ్రువీకరణ లేదని గానీ బడిలో చేర్చుకోకుండా ఆపకూడదు. మధ్యలో చదువు మానేసినా వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి.

మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు బడికి పోకుండా కనిపిస్తే ఈ ఒక్క మాట వాళ్లకు చెప్పండి. ఏటా జూన్‌లో జరిగే జయశంకర్ బడిబాటలో టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. మీ గల్లీకి వస్తే ఆ పిల్లలున్న ఇల్లు చూపించండి.

ఒకే పుస్తకం, రెండు భాషలు

2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పిల్లలు ఒక్కసారిగా తికమక పడకుండా పుస్తకాలను రెండు భాషల్లో వేశారు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. పుస్తకం బరువు పెరిగింది గానీ ఇంట్లో చదువు చెప్పే పెద్దవాళ్లకు ఆసరా దొరికింది. అమ్మ తెలుగు పేజీ చదివి వివరిస్తే, పిల్ల ఇంగ్లిష్ పేజీలో జవాబు వెతుక్కోవచ్చు.

ఎదురెదురు పేజీల పుస్తకం చేతికి రావడం ఎంత దూరం నడిచాక సాధ్యమైందో, నారాయణగూడ అమ్మాయిల పుణె పరీక్షలు తలుచుకుంటే అర్థమవుతుంది.

మధ్యాహ్న భోజనం లెక్క

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక బడుల్లో వండిన అన్నం పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో అది మొదలైంది. తర్వాత హైస్కూలు పిల్లలకూ విస్తరించింది. కేంద్రం ఇచ్చే నిధులు ఎనిమిదో తరగతి వరకే వస్తాయి. తొమ్మిది, పది తరగతుల పిల్లల కంచంలో పడే అన్నం రాష్ట్రం సొంత ఖర్చుతో వస్తున్నది. 2015 జనవరి నుంచి తెలంగాణ బడుల్లో సన్నబియ్యం పెడుతున్నారు. పొద్దున్నే పనికి పోయే తల్లి మధ్యాహ్నం పిల్ల ఏం తింటుందో అన్న దిగులు లేకుండా ఉండగలదంటే ఈ ఏర్పాటు వల్లనే.

హాస్టల్ బడికి సర్వేల్ దారి

పిల్లలను ఒకచోట ఉంచి చదివించడం సరూర్‌నగర్ అనాథల బడిలో వందేళ్ల కిందటే ఉంది. పేద పిల్లల్లో చురుకైనవాళ్ల కోసం సర్కారే అట్లాంటి బడి పెట్టడం 1971లో మొదలైంది. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నవంబరు 23న నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం తెరిచారు. తర్వాత రాజీవ్ గాంధీ ప్రభుత్వంలో విద్యాశాఖ చూసిన పీవీ, నవోదయ విద్యాలయాలకు రూపమిచ్చారు. ఇప్పుడు తెలంగాణలో గురుకులాలు వెయ్యి దాటాయి.

గురుకులాలకు పేరొచ్చింది, మంచిదే. కానీ వాటిలో సీట్లు పరిమితం, చేరడానికి పరీక్ష రాయాలి. జిల్లా పరిషత్ హైస్కూలు పరీక్ష పెట్టదు. తలుపు తట్టిన ప్రతి పిల్లనూ చేర్చుకుంటుంది. సర్కారు బడి గొప్పతనం అదే, బాధ్యత కూడా అదే. అందుకే గదులకు, టీచర్లకు ఖర్చు పెట్టేటప్పుడు ముందు వరసలో ఉండాల్సింది ఈ బడులే. 2022 మార్చి 8న మొదలైన మన ఊరు - మన బడి పథకానికి నగరాల్లో మన బస్తీ - మన బడి అని పేరు పెట్టారు. మొదటి విడతకు 9,123 బడులను ఎంచుకున్నారు. ప్రభుత్వాలు, పథకాల పేర్లు మారినా ఈ పని ఆగకూడదు.

చివరగా ఒక మాట

ఈ బడుల్లో చదివినవాళ్లు ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు పెట్టుకుని పదో తరగతి బ్యాచ్‌ల వారీగా కలుసుకుంటున్నారు. సార్లకు శాలువాలు కప్పుతున్నారు, ఫొటోలు దిగుతున్నారు. ఆ రోజు ఇంకో పని కూడా పెట్టుకోండి. మీ బడి ఏ ఏడాది మొదలైంది, స్థలం ఎవరిచ్చారు, మొదటి హెచ్‌ఎం ఎవరు, మొదటి పదో తరగతి బ్యాచ్‌లో ఎందరున్నారు అన్నవి ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, అడ్మిషన్ రిజిస్టర్‌తో సరిచూసి రాయండి. నాలుగు పేజీలైనా చాలు. ఒక ప్రతి బడి లైబ్రరీలో పెట్టండి, ముఖ్యమైన వాక్యాలు ప్రార్థన జరిగే గోడ మీద రాయించండి. చెప్పగలిగే పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఆ పని పూర్తి చేయండి.